నిద్ర కోసం ధ్యానం: కూర్చుని చేసేదా, పడుకుని చేసేదా?

పదేళ్ల కిందట పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం ముగించుకుని హనుమకొండకు తిరిగి వచ్చాను. ఇంటికి వెళ్లాక ఉదయం గంట, సాయంత్రం గంట కూర్చోవాలని అక్కడ చెప్పి పంపుతారు. నాకు సాయంత్రాలు పిల్లల ట్యూషన్లతోనే సరిపోయేవి. అందుకని భోజనాలయ్యాక, గిన్నెలు కడిగి, దోసెల పప్పు నానబోసి, రాత్రి పదింటికి కూర్చునేదాన్ని. పదకొండింటికి లేచేసరికి బుర్ర తలస్నానం చేసినంత తేటగా ఉండేది. ఆ తేట బుర్రతో రెండింటి దాకా పక్క మీద దొర్లుతూ, కాజీపేట వైపు నుంచి వినిపించే రైలు కూతలు లెక్కపెట్టేదాన్ని. మూడు వారాలకు విసిగిపోయి, ధ్యానం నా ఒంటికి పడదని తీర్మానించుకున్నాను.

పొరపాటు ఎక్కడ జరిగిందో చాలా రోజులకు తెలిసింది. సత్యనారాయణ గోయెంకా నేర్పిన ఆ పద్ధతిలోనే ఇంకో సూచన ఉంది. రాత్రి పడుకున్నాక నిద్ర పట్టేముందు ఐదు నిమిషాలు, పొద్దున కళ్లు తెరిచాక పక్క మీదే ఐదు నిమిషాలు ఒంట్లోని సంవేదనలను గమనించమని. గంటసేపు కూర్చునేది ఎరుకకు పదును పెట్టడానికి. ఆ ఐదు నిమిషాల సంగతి వేరు. నేనేమో సానపట్టే పనిని పడుకోబోయే ముందు పెట్టుకుని, ఐదు నిమిషాల మాటను గాలికి వదిలేశాను.

కాబట్టి ‘నిద్రకు ఏ ధ్యానం మంచిది’ అని ఎవరైనా అడిగితే నేను వెంటనే పద్ధతి పేరు చెప్పను. మీ నిద్ర ఎక్కడ తెగుతోందో ముందు చెప్పమంటాను.

తెగేచోటు ఏది?

పక్క మీద వాలి గంటైనా రెప్ప పడనివారు ఒక రకం. వీరిలోనూ రెండు తీరులు. ఒకరికి బుర్ర ఆగదు. ఏనుమాముల మార్కెట్లో రేపు మిర్చి ఏ ధరకు పోతుందో, అమ్మాయి కాలేజీ ఫీజు రెండో విడత ఎక్కడి నుంచి తేవాలో, పొద్దున ఆడపడుచు అన్న మాటకు ఏమని బదులివ్వాల్సిందో, అన్నీ చీకట్లోనే గుర్తొస్తాయి. ఇంకొకరికి బుర్ర నెమ్మదిగానే ఉంటుంది, ఒళ్లు వదలదు. మెడ పట్టేసి, దవడ బిగుసుకుని, భుజాలు చెవుల దాకా ఎక్కి ఉంటాయి.

పడుకోగానే నిద్రపట్టినా, రెండింటికో మూడింటికో మెలకువ వచ్చి మళ్లీ పట్టనివారు ఇంకో రకం. ఇక నిద్ర వచ్చే వేళకు పడుకోవడమే కుదరనివారు ఉన్నారు. భూపాలపల్లి, గోదావరిఖని, మంచిర్యాల వైపు సింగరేణి గని కార్మికుల ఇళ్లలో అడిగితే ఈ బాధ ఎంతటిదో చెబుతారు.

అసలు బాధే లేనివారూ ఉంటారు. మా అమ్మ ఎనిమిదింటికి పడుకుని మూడింటికి లేస్తుంది. ‘నిద్రే ఉండడం లేదు బిడ్డా’ అంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను: ఏడు గంటలు. వయసు మీరాక నిద్ర పలచబడుతుంది. నిద్ర అంటేనే సుమారు తొంభై నిమిషాల చొప్పున వచ్చే విడతలు. ఒక విడతకూ మరో విడతకూ మధ్య కాస్త మెలకువ రావడం అందరికీ ఉన్నదే. మూడింటికి అమ్మకు కావలసింది నిద్ర పట్టించే ఉపాయం కాదు. జపమాల తీసుకుని హాల్లో కూర్చోమన్నాను. ఇప్పుడు ఆ ఫిర్యాదు లేదు, నిద్ర మాత్రం అంతే ఉంది.

పడుకుని చేసేవి

యోగనిద్ర, శరీర పరిశీలన పైకి కవలపిల్లల్లా కనిపిస్తాయి. రెండింటిలోనూ శవాసనంలో వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, ఒంట్లో ఒక్కో భాగం మీదికి మనసును తీసుకెళ్తారు. తేడా అంతా నడకలో ఉంది.

ఇవాళ ఎక్కువచోట్ల నేర్పే యోగనిద్రకు రూపం ఇచ్చింది బీహార్‌లోని ముంగేర్‌లో యోగ విద్యాలయం స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి. మంత్రం చెబుతూ ఒంటి భాగాలను తాకే న్యాసం దానికి మూలం. పూజలో అంగన్యాస కరన్యాసాలు చేసేవారికి ఇది కొత్తగా అనిపించదు, తాకే చేయి స్థానంలో మనసు ఉంటుంది, అంతే. కుడిచేతి బొటనవేలితో మొదలై, వేళ్లు, అరచేయి, మణికట్టు, మోచేయి అంటూ గబగబా సాగుతుంది. ఒకచోట నిలవనివ్వదు. లెక్కల్లో చిక్కుకున్న బుర్రకు ఈ వేగమే మందు. గొంతు వెంట పరుగెత్తుతూ మోకాలి దగ్గరికి వచ్చేసరికి మిర్చి ధర తలచుకునే తీరిక ఉండదు.

ఇందులో ఒక తమాషా ఉంది. నేర్పేవారు పదేపదే ‘నిద్రపోకండి’ అంటారు. నిద్రకూ మెలకువకూ మధ్యనున్న గట్టు మీద నిలబడటం వారి లక్ష్యం. రాత్రి పదింటికి గట్టు మీది నుంచి అటు జారిపోతే మనకు వచ్చే నష్టమేమీ లేదు. పగలు చేసేటప్పుడు ఆ మాట వినండి, రాత్రి వినకపోయినా ఎవరూ ఏమీ అనరు. కానీ ‘అరగంట యోగనిద్ర చేస్తే రెండు మూడు గంటలు నిద్రపోయినట్టే’ అని తిరిగే లెక్కను మాత్రం నేను నమ్మను. విశ్రాంతి విశ్రాంతే, నిద్ర నిద్రే.

శరీర పరిశీలన నిదానం మనిషి. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణలో ఇది ముఖ్యమైన భాగం. మందులతో తగ్గని నొప్పులున్న రోగులు ఆ శిక్షణకు వచ్చేవారు. ఇది ఎడమకాలి వేళ్లతో మొదలై ముప్పావు గంట దాకా పడుతుంది. ఒక్కోచోట ఆగి అక్కడ వేడి ఉందా, తిమ్మిరి ఉందా, ఏమీ లేదా అని చూడటమే పని. దేన్నీ మార్చబోరు. రోజంతా బీడీలు చుట్టి వంగిపోయిన మెడకు, పత్తి ఏరి ఏరి గీరుకుపోయిన వేళ్లకు ఈ నిదానం నచ్చుతుంది. బుర్ర ఆగనివారికి మాత్రం ఇది పడదు. ఎడమ మడమ దాటక ముందే ఆలోచన వారిని ఎత్తుకుపోతుంది.

కండరాలను బిగించి వదిలే పద్ధతి మూడోది. ఎడ్మండ్ జాకబ్‌సన్ అనే అమెరికా వైద్యుడు నూరేళ్ల కిందట రూపొందించాడు. ఇది ధ్యానమే కాదని కొందరు పెదవి విరుస్తారు. పిడికిలి బిగించి, ఐదారు సెకన్లు పట్టి, ఒక్కసారిగా వదలాలి. తర్వాత చేయి, భుజం, ముఖం, పొట్ట, కాళ్లు. బిగువు ఎలా ఉంటుందో తెలిసిన కండరానికే వదలడం తెలుస్తుంది. ‘మనసు నిలపడం నా వల్ల కాదు’ అనేవారికి నేను మొదట ఇదే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చేతికి పని ఉంటుంది. రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవారు కాళ్లను బిగించవద్దు. బీపీ ఉన్నవారు ఊపిరి బిగపట్టవద్దు.

ఒక్క మాటలో తేల్చమంటే: బుర్ర ఆగనివారికి యోగనిద్ర, నొప్పులతో అలసిన ఒంటికి శరీర పరిశీలన, బిగుసుకుపోయిన ఒంటికి జాకబ్‌సన్ పద్ధతి. మూడూ కలిపి ఒకే రాత్రి చేయకండి. అది పెళ్లి భోజనం అవుతుంది.

వీటిని మంచం మీద చేయాలా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ కాదు. నిద్రలేమి చికిత్సలో 1972 నుంచి చెబుతున్న సూత్రం ఒకటి ఉంది. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాకపోతే మంచం దిగిపోవాలి, లేకపోతే మంచమంటే మెలకువ అని ఒళ్లు నేర్చుకుంటుంది. రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వవేత్త మాట అది. మంచం మీద ముప్పావు గంట శరీర పరిశీలన చేస్తూ మేలుకుని ఉంటే మీరు సరిగ్గా ఆ తప్పే చేస్తున్నట్టు. అందుకని మొదటి వారం పది రోజులు హాల్లో చాప వేసుకుని, పగలో సాయంత్రమో నేర్చుకోండి. ఒంటికి అలవాటయ్యాక మంచం మీదికి మార్చండి, అదీ పావుగంటకు కుదించి. అంతటితో పట్టకపోతే లేచి, చిన్న దీపం వెలుతురులో కూర్చోండి. కునికిపాటు వచ్చినప్పుడే మళ్లీ పడుకోండి. గడియారాన్ని గోడవైపు తిప్పిపెట్టండి, ఇరవై నిమిషాలన్నది అంచనాతో సరిపెట్టుకోవచ్చు.

ఇక్కడి ఎండాకాలం గురించీ చెప్పాలి. నిద్రలోకి జారడానికి ఒంటి లోపలి వేడి కాస్త దిగాలి. మే నెలలో రామగుండం వైపు పగలు నలభై ఐదు డిగ్రీలు తాకిన రోజున స్లాబు రాత్రి దాకా పొగలు కక్కుతుంది. అప్పుడు కూలర్లో నీళ్లు పోయడం, స్నానం చేయడం, డాబా మీద నీళ్లు చల్లి పక్క వేసుకోవడం ముందు, ధ్యానం తర్వాత.

శ్వాస, నామం

మన వైపు ధ్యానం అనగానే చాలామంది నోట వచ్చే మాట ‘శ్వాస మీద ధ్యాస’. పిరమిడ్ ధ్యానంవారు ఊరూరికీ తీసుకెళ్లిన మాట ఇది. ఎన్నేళ్ల వయసో అన్ని నిమిషాలు కూర్చోమంటారు. యాభై ఏళ్ల మనిషికి యాభై నిమిషాలన్నమాట. నా అనుభవంతో చెబితే ఇది దీపాలు పెట్టేవేళకు తగిన పని. భద్రకాళి చెరువు బండ్ మీద నడిచి వచ్చి, స్నానం చేసి, ఏడింటి లోపల కూర్చుంటే పగలు పోగైన చిరాకు అక్కడే దిగిపోతుంది, పక్క మీదికి రాదు.

పడుకునే వేళకు శ్వాసతో చేయాల్సింది వేరు. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండె దాకా వచ్చే వేగస్ నాడి చేసే పని ఇది. వదిలే ఊపిరి పొడవు పెరిగితే నెమ్మదితనం వాటా పెరుగుతుంది. నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలండి, పది నిమిషాలు చాలు. అంకెలు లెక్కపెట్టడమే చిరాకైతే భ్రామరి ఉంది. తుమ్మెదలా ఝంకారం చేస్తూ వదిలితే ఊపిరి తనంతట తానే పొడవవుతుంది. పక్కన పడుకున్న మనిషి లేచి కూర్చోవడం ఒక్కటే దీనితో చిక్కు.

నడిరాత్రి మెలకువ వచ్చేవారికి నేను ఇవేవీ చెప్పను. రెండింటికి లేచి ఫోను వెతికి, యోగనిద్ర ఆడియో పెట్టుకునేసరికి ఉన్న మత్తు కాస్తా వదులుతుంది. అప్పటికి నామజపమే మేలు. హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975 నాటికే రాశాడు, ఒక మాటను ఊపిరితో కలిపి పదేపదే అనుకుంటూ, అడ్డొచ్చిన ఆలోచనను పట్టించుకోకుండా వదిలేస్తే గుండె వేగం, ఊపిరి వేగం తగ్గుతాయని. ఏ మాట అన్నది ముఖ్యం కాదని కూడా అన్నాడు. భద్రకాళి గుడికి వెళ్లేవారికి అమ్మవారి నామం, కాజీపేట దర్గాకు వెళ్లేవారికి తస్బీహ్, ఫాతిమానగర్ చర్చికి వెళ్లేవారికి జపమాల ప్రార్థన ఎలాగూ నోటికి వచ్చి ఉంటాయి. చిన్నప్పటి నుంచి నోట నానిన మాటకు నిద్రమత్తులో కూడా దారి తెలుసు. దేవుడి మీద నమ్మకం లేనివారు ‘ఒకటి’ అనుకున్నా సరే. రైలు పట్టాల పక్కన ఇల్లున్నవారు వచ్చే శబ్దాన్ని, పోయే శబ్దాన్ని వింటూ ఉండొచ్చు. నేను కూతలు లెక్కపెట్టడం మానేసి వినడం మొదలుపెట్టాక అవి నన్ను అంతగా బాధించలేదు.

వేళ తప్పిన నిద్రకు

గనిలో రాత్రి పదకొండు నుంచి ఉదయం ఏడు దాకా పనిచేసి వచ్చిన మనిషికి పడుకునే వేళకు ఊరంతా లేస్తుంది. ఒంటి గడియారం వెలుతురును చూసి నడుస్తుంది, దాన్ని ధ్యానంతో ఒప్పించలేం. కిటికీకి మందపాటి తెర, తలుపు దగ్గర పిల్లలకు హెచ్చరిక, తోవలో టీ మానడం, ఇవి అసలు మందులు. ధ్యానం కొసరు. ఆ కొసరుకు కండరాల సడలింపు పది నిమిషాలు బాగా పనికొస్తుంది, ఎందుకంటే అంత అలసటలో వేరే ఏదీ మనసుకు ఎక్కదు. షిఫ్టు మారే వారంలో మధ్యాహ్నం ఇరవై నిమిషాల యోగనిద్ర కూడా కాస్త ఆసరా.

జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంకో తీరు ఉంది. భర్త సౌదీలో రాత్రి తొమ్మిదింటికి వంట ముగించుకుని ఫోను చేస్తే ఇక్కడ పదకొండున్నర. మాట్లాడి పెట్టేశాక ఆమెకు ఒంటిగంట దాకా నిద్ర రాదు. అక్కడ అప్పు సంగతో, కంపెనీ సంగతో విని ఉంటుంది మరి. ఇలాంటప్పుడు వెంటనే పడుకోబోయే కంటే, చాప మీద పావుగంట ఊపిరి పొడిగించే సాధన చేసి ఆ తర్వాత మంచం ఎక్కడం నయం. కుదిరితే వారానికి నాలుగు రోజులైనా కబుర్లను అతని డ్యూటీకి ముందు వేళకు మార్చుకోవడం ఇంకా నయం.

సాయంత్రం ఆరింటి చాయ్ గురించి కూడా ఒక మాట. తాగిన కెఫీన్‌లో సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పదకొండింటికి ధ్యానానికి పడుకున్న మనిషి ఒంట్లో అర కప్పు చాయ్ ఇంకా మేలుకునే ఉంటుంది.

ధ్యానం పని కానిచోట

గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారికి, పగలంతా కునికేవారికి ఏ ధ్యానమూ పనిచేయదు. గాలిదారికి అడ్డం పడుతోంది, డాక్టరు చూడాలి. పడుకోగానే కాళ్లలో పురుగులు పాకినట్టు ఉండి కదపకుండా ఉండలేకపోతే రక్తపరీక్ష చేయించుకోండి, ఐరన్ తక్కువైనా అలా అవుతుంది.

నిజామాబాద్, కామారెడ్డి వైపు పల్లెల్లో ఇంకో సంగతి దాచిపెడతారు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం లాంటి నిద్రమందులు కలిపిన ఉదంతాలు ఎన్నోసార్లు బయటపడ్డాయి. రోజూ అది తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టకపోవడమే కాదు, వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్ కూడా రావచ్చు. మందుల దుకాణంలో నిద్రమాత్రలు కొని ఏళ్లుగా మింగుతున్నవారిదీ ఇదే పరిస్థితి. వారికి ‘ధ్యానం చేయి, అన్నీ మానెయ్’ అని సలహా ఇవ్వకండి. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి.

కళ్లు మూసుకోగానే గుండెదడ పెరిగేవారు, పాత గాయాలు కళ్లముందుకు వచ్చేవారు ధ్యానాన్ని పట్టుబట్టి కొనసాగించకూడదు. కళ్లు తెరిచి నామం చెప్పుకోండి, లేదా మానేయండి. ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ-మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర లేనివారికి మందులకన్నా ముందు నిద్రలేమికి ప్రత్యేకించిన ప్రవర్తనా చికిత్స ఇవ్వాలని అమెరికా వైద్యుల సంఘం ‘అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్’ 2016లో సిఫారసు చేసింది. ధ్యానం దాని పక్కన నిలబడుతుంది, దాని స్థానంలో కాదు.

మరి ధ్యానం ఎంత మేలు చేస్తుంది? 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో నిద్ర సరిగా లేని 55 ఏళ్లు దాటిన 49 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆరు వారాలు ధ్యానం నేర్పారు, రెండో జట్టుకు మంచి నిద్ర అలవాట్లు చెప్పారు. నిద్ర ఎంత చెడిందో కొలిచే మార్కులు రెండు జట్లకూ మొదట 10.2. చివరికి ధ్యానం జట్టుకు 7.4, రెండో జట్టుకు 9.1. తగ్గితే మంచిదే. కానీ ఐదు దాటితే నిద్ర బాగాలేనట్టే లెక్క, అంటే ధ్యానం చేసినవారూ గీత ఇవతలికి పూర్తిగా రాలేదు. నాకు ఈ అంకెలు ధైర్యాన్నే ఇచ్చాయి. అద్భుతం జరగలేదేమని బాధపడటం మానేశాను.

ఎవరి గొంతు?

ధ్యానం ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలంటే విపశ్యన, హార్ట్‌ఫుల్‌నెస్, పిరమిడ్ ధ్యానం, బ్రహ్మకుమారీల రాజయోగం ఉన్నాయి, ఏదీ ఫీజు అడగదు. కాబట్టి చూడాల్సింది వేళ. విపశ్యనకు పది రోజులు ఫోను లేకుండా ఉండాలి. హార్ట్‌ఫుల్‌నెస్‌లో సాయంత్రం పగటి భారాన్ని మనసులోంచి వదిలించుకునే శుద్ధి, పడుకునే ముందు ప్రార్థన ఉన్నాయి. నిద్ర సంగతి వరకు ఈ అమరిక నాకు బాగా నచ్చింది. రాజయోగంలో కళ్లు తెరిచి చేస్తారు, తెల్లవారుజామున నాలుగింటి వేళకు ప్రాధాన్యం. రాత్రి పదిన్నర దాకా సీరియల్ చూసి నాలుగింటికి లేస్తే ఆధ్యాత్మికం పెరుగుతుందేమో కానీ నిద్ర తరుగుతుంది.

ఫోను యాప్‌లు డబ్బు అడుగుతాయి, లేకపోతే మధ్యలో ప్రకటనలు వినిపిస్తాయి. ‘మీ భుజాలు వదులుగా’ అన్న గొంతు వెంటనే బంగారు రుణం గురించి అరిస్తే ఎవరి భుజాలు వదులవుతాయి? అలవాటు లేని భాషలో వింటే అనువాదానికే బుర్ర మేలుకుంటుంది. నా సలహా, పన్నెండు నిమిషాల యోగనిద్రను మీ గొంతుతోనో ఇంట్లోవాళ్ల గొంతుతోనో, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రికార్డు చేసుకోండి. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, తెర కిందికి తిప్పి, చేతికి అందనంత దూరంలో ఉంచండి. రెండు వారాలు అదే వినండి. పొద్దున క్యాలెండర్ గడిలో సుమారుగా ఎప్పుడు నిద్రపట్టిందో ఒక అంకె వేయండి. అంకెలు కదలకపోతే పద్ధతి మార్చి ఇంకో రెండు వారాలు చూడండి, అప్పటికీ కదలకపోతే ఆ క్యాలెండర్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నా రికార్డింగు మా చెల్లెలు చదివిపెట్టింది. వెనకాల ప్రెషర్ కుక్కర్ కూత ఒకటి వినిపిస్తుంది, మళ్లీ చేయించలేదు. అది ఎడమ భుజం దగ్గర వస్తుంది. ఎడమ మోకాలి తర్వాత ఏముందో మాత్రం పగలు ఒకసారి పెట్టుకుని వినాలి.